రాజుగారి ముడతల రూలు

అనగనగా ఒక అడవిలో, నీడకన్నా నీళ్ళకన్నా పేచీలే ఎక్కువగా దొరికే అడవిలో, జూలయ్య అనే సింహం రాజ్యం చేస్తుండేవాడు. మంచివాడే. ఆకలేసినప్పుడూ నిద్రొచ్చినప్పుడూ తప్ప మిగతా వేళల్లో చాలా మంచివాడు. నవ్వకండర్రా, రాజుల్లో అదేం తక్కువ కాదు.

ఆ అడవి పేరు కొమ్మలకోన. అక్కడి జంతువులు ఊరికే కూర్చునే రకం కాదు. నా కొమ్మ మీద నువ్వెందుకు కూర్చున్నావని ఒకరు, నా బురదలో నువ్వెందుకు దొర్లావని ఇంకొకరు, తెల్లారి లేస్తే తగువులే. అందుకని వెనకటి పెద్దలు మూడు కోర్టులు పెట్టారు.

వాగు ఒడ్డున చిన్న కోర్టు. అక్కడ జడ్జీ ముంగిస. ఆ తీర్పు నచ్చకపోతే కాస్త పైకి, మద్దిచెట్టు కింద ఉన్న మధ్య కోర్టుకి వెళ్ళొచ్చు. అక్కడ జడ్జీ ముళ్ళపంది. అదీ నచ్చకపోతే ఇంకా పైకి, గుట్ట మీది పెద్ద కోర్టుకి. అక్కడ జడ్జీ ఒక ముసలి ఉడుము. అందరూ ఆయన్ని ఉడుం తాత అనేవాళ్ళు. ఆయన మాటే ఆఖరు మాట. గుట్ట పైన ఇంక ఆకాశమే కదా, ఎవరి దగ్గరికి పోతారు?

ఆ కోర్టుల్లో ఒక వింత పద్ధతి ఉండేది. తగువు వినేటప్పుడు జడ్జీ వచ్చినవాళ్ళకి వీపు పెట్టి కూర్చోవాలి. ముఖం చూస్తే మొహమాటం వస్తుందని, కోరలు చూస్తే వణుకు వస్తుందని పెద్దల భయం. ఇంకొక మాట కూడా పెద్దలు గట్టిగా చెప్పి పోయారు. జడ్జీని పెట్టేది రాజు కాదు, తీసేదీ రాజు కాదు. ఒక జడ్జీ పోతే మిగిలిన జడ్జీలు, మందల పెద్దలు కలిసి కూర్చుని ఇంకొకరిని ఎంచుకోవాలి. రాజు చేయాల్సిందల్లా గట్టిగా గర్జించి ఆ పేరు అడవికి చాటడమే.

ఇదంతా జూలయ్యకి బాగానే నచ్చింది. తన మీద కేసు పడేదాకా!

ఆ కేసు ఎలా వచ్చిందో చెప్తాను వినండి. అడవి మధ్యలో ఒక చిన్న దిబ్బ ఉంది. సాయంత్రమైతే దాని మీద చల్లటి గాలి తగులుతుంది. ఆ వేసవిలో జూలయ్యకి ఒళ్ళంతా ఉక్క. ఈ దిబ్బ మీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది అనుకుని ఎక్కబోయాడు. గడ్డిలోంచి ఒక కౌజు పిట్ట లేచి రెక్కలు చాపి అడ్డం నిలబడింది. ఆమె పేరు చుక్కమ్మ. ఒళ్ళంతా చుక్కలు, పిడికెడంత ప్రాణి.

"ఆగండి మారాజా! ఇక్కడ నా గుడ్లున్నాయి. ఏడు" అంది.

"అయితే తీసుకుపో" అన్నాడు జూలయ్య.

"గుడ్లు నడవలేవు మారాజా. ఎత్తుకెళ్ళడానికి నాకు చేతులూ లేవు. పదిహేను రోజులు ఆగండి. పిల్లలు బయటికొచ్చి పరుగెత్తడం నేర్చుకోగానే మేమే వెళ్ళిపోతాం. ఆ తర్వాత దిబ్బ మీది, గాలీ మీది."

పదిహేను రోజులు! రాజుకి పదిహేను నిమిషాలు ఆగడం కూడా ఎవరూ నేర్పలేదు. "రేపు సాయంత్రానికి నువ్వు ఖాళీ చేయకపోతే నేను వాటి మీదే పడుకుంటాను" అన్నాడు.

చుక్కమ్మ ఏడ్చింది. అయితే ఏడుస్తూ కూర్చోలేదు. గుడ్లని గడ్డితో కప్పి నేరుగా వాగు కోర్టుకి పరుగెత్తింది.

ముంగిస ఆమె మాటంతా విని, ముందు దిబ్బ చుట్టూ ముళ్ళకంప వేయించింది. "ఆఖరి తీర్పు వచ్చేదాకా ఎవరూ ఈ కంప దాటకూడదు. రాజైనా సరే" అంది.

జూలయ్యకి తల తిరిగిపోయింది. ఆయనకి ఒక మంత్రి ఉన్నాడు, కొండముచ్చు. రాజుగారి జూల్లో పేలు ఏరుతూ చెవిలో సలహాలు వేస్తుండేవాడు. పేలు తక్కువ, సలహాలు ఎక్కువ. "మహారాజా, ఈ చిన్న విషయానికి మీరు దిగులు పడటమేంటి? జడ్జీలని నాకొదిలేయండి" అన్నాడు.

కొండముచ్చు ముంగిస దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాడు. "జడ్జీగారూ, రాజుగారు గెలిస్తే ఆ ఏడు గుడ్లూ ఎవరికి పనికొస్తాయి? మీకు గుడ్లంటే ఇష్టమని విన్నాను."

ముంగిసకి నోరూరింది. ఊరలేదని నేను అబద్ధం చెప్పను. ముంగిస ముంగిసే కదా! మూడుసార్లు గుటకలు మింగింది. తర్వాత లేచి వెళ్ళి వాగులో తల ముంచి వచ్చింది. "నా నోరు గుడ్లు తినడానికీ పనికొస్తుంది, తీర్పు చెప్పడానికీ పనికొస్తుంది. రెండు పనులూ ఒకే రోజు చేయను" అంది. దిబ్బ పదిహేను రోజులు కౌజుదేనని తీర్పు చెప్పింది.

రాజు మధ్య కోర్టుకి అప్పీలు చేశాడు. కొండముచ్చు ఈసారి గుడ్ల మాట ఎత్తలేదు. ముళ్ళపంది దగ్గరికి వెళ్ళి, "మనమంతా ఒక ఇంటివాళ్ళమే కదన్నా!" అంటూ ప్రేమగా వీపు తట్టాడు. ముళ్ళపంది వీపు! మూడు రోజులు చేతిలోంచి ముళ్ళు పీకించుకుంటూ కూర్చున్నాడు పాపం. అక్కడా తీర్పు కౌజు వైపే వచ్చింది.

మిగిలింది గుట్ట మీది పెద్ద కోర్టు. ఉడుం తాత దగ్గరికి వెళ్ళేటప్పుడు కొండముచ్చు చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళాడు.

"తాతా, మహారాజు మిమ్మల్ని పొరుగడవికి రాయబారిగా పంపుదామనుకుంటున్నారు. రోజూ ఊరేగింపులు, మేళతాళాలు! రేపే బయల్దేరాలి."

"కౌజు కేసు ఎల్లుండి ఉంది" అన్నాడు ఉడుం తాత.

"అదే కదా, ఆ తలనొప్పి మీకు తప్పుతుంది!"

"నాకు తలనొప్పి లేదు నాయనా" అని తాత కళ్ళు మూసుకున్నాడు. ఉడుం పట్టు సంగతి మీకు తెలుసుగా. లాగినకొద్దీ బిగుస్తుంది. కొండముచ్చు పప్పులు అక్కడా ఉడకలేదు.

ఆ సాయంత్రం రాజూ మంత్రీ తలలు పట్టుకు కూర్చున్నారు. "జడ్జీని తీసేసే హక్కు మీకు లేదు, నిజమే. అయితే జడ్జీ ఎప్పుడు ముసలివాడయ్యాడో చెప్పే రూలు ఎక్కడా లేదు. మనమే ఒకటి పెడదాం" అన్నాడు కొండముచ్చు.

మర్నాడు పొద్దున్నే గర్జన వినిపించింది. "వినండహో! ఈరోజు నుంచి ఒంటి మీద ముడతలున్న ఏ జడ్జీ అయినా ముసలివాడే. వెంటనే ఇంటికి పోవాలి!"

అడవంతా ముక్కున వేలేసుకుంది. ఉడుముకి ముడతలు పుట్టుకతోనే వస్తాయి. ఉడుం తాత గుడ్డులోంచి బయటికొచ్చిన రోజు కూడా ముడతలతోనే వచ్చాడు. ఆ లెక్కన ఆయన పుట్టినరోజే ముసలివాడు! ఏనుగుల పెద్దమ్మ, ఏనుగవ్వ, తన ఒళ్ళు తాను చూసుకుని గతుక్కుమంది. "మరి మా మందలో నెల పిల్ల కూడా ముసలమ్మేనా?" అంది. "ఇది జడ్జీలకే" అని కొండముచ్చు సర్దిచెప్పాడు. ముళ్ళపంది మాత్రం గట్టిగా ముళ్ళు విదిల్చుకుని, "నా ముడతలు చూడాలనుకునేవాళ్ళు దగ్గరికి రండి" అంది. ఎవరూ వెళ్ళలేదు.

ఉడుం తాత గుట్ట దిగి తన బొరియకి వెళ్ళిపోయాడు. చుక్కమ్మ గుడ్ల మీద ఇంకా గట్టిగా ఒదిగి కూర్చుంది.

ఆ ఖాళీలో ఎవరిని పెట్టాలో పెద్దలు కూర్చుని ఆలోచించకముందే, కొండముచ్చు ఒక తొండని తెచ్చి గుట్ట మీద కూర్చోబెట్టాడు. తొండని చూశారు కదా? ఊరికే తల ఊపుతూ ఉంటుంది. గాలి వీచినా ఊపుతుంది, వీచకపోయినా ఊపుతుంది. కొండముచ్చు దాన్ని అందుకే ఏరి తెచ్చాడు.

పైగా తొండని వీపు పెట్టి కూర్చోనివ్వలేదు. రాజుగారి ముఖం బాగా కనబడేలా ఇటు తిప్పి కూర్చోబెట్టాడు.

"జడ్జీగారూ, ఆ దిబ్బ నాదే కదా?" అన్నాడు జూలయ్య.

తొండ తల ఊపింది.

అంతే, తీర్పు అయిపోయింది. చుక్కమ్మ మాట ఎవరూ అడగలేదు. "రేపు సాయంత్రం కంప తీసేయిస్తాను" అని జూలయ్య మీసాలు దువ్వుకున్నాడు. "మంచి జడ్జీ! ఎంత తొందరగా తేల్చేశాడు!" అన్నాడు.

ఆ మంచి జడ్జీ సంగతి గాలిలా పాకింది. కొమ్మలకోనలో అడిగితే చాలు, అవునంటున్నారట అని నది అవతలి అడవుల దాకా వెళ్ళింది. అక్కడ ఉంగరం అనే ఒక కుర్ర సింహం తిరుగుతున్నాడు. ఒళ్ళంతా కండ, సొంత అడవి మాత్రం లేదు. ఒంటరిగా వచ్చి అడవంతటితో పోట్లాడి గెలవలేడు. అందరూ ఒప్పుకునే తీర్పు ఒకటి చేతికొస్తే పోట్లాటే అక్కర్లేదు కదా! ఆ విషయం వాడికి బాగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం నది ఈది వచ్చి, సభ మధ్యలో నిలబడ్డాడు.

"ఈ అడవి మా తాతది. ఈ జూలయ్య దొంగతనంగా కూర్చున్నాడు. కోర్టుకి పదండి" అన్నాడు.

జూలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పద నాయనా, పద! కోర్టు నాదే" అన్నాడు.

అందరూ గుట్ట ఎక్కారు. వచ్చినవాడు ముందుగా అడిగాడు. "జడ్జీగారూ, ఈ అడవి నాదే కదా?"

తొండ తల ఊపింది.

జూలయ్య నవ్వు ఆగిపోయింది. "అదేంటి? జడ్జీగారూ, ఈ అడవి నాది కదా?"

తొండ తల ఊపింది.

"ఇతను దొంగ కదా?" అన్నాడు ఉంగరం. ఊపింది. "వీడు అబద్ధాలకోరు కదా?" అన్నాడు జూలయ్య. ఊపింది. కోతిపిల్ల ఒకటి చెట్టు మీంచి, "జడ్జీగారూ, ఈ అడవి నాది కదా?" అని అరిచింది. దానికీ ఊపింది!

గుట్టంతా గోల. తీర్పు నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. ఏనుగవ్వ తొండం ఎత్తి, "ముగ్గురికీ తల ఊపాడు. మేమిప్పుడు ఎవరి మాట వినాలి?" అంది. మందలన్నీ అటూ ఇటూ చూసుకుంటున్నాయి.

"అయితే పోట్లాటే" అన్నాడు ఉంగరం గోళ్ళు చాచి.

జూలయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఎడమ కోర కదులుతోంది. ఈ కుర్రాడి ముందు నిలబడితే సాయంత్రానికి రాజ్యమే కాదు, ప్రాణమూ ఉండదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. వెనక్కి తిరిగి చూస్తే కొండముచ్చు లేడు, చెట్టు చిటారు కొమ్మన ఉన్నాడు.

ఏనుగవ్వే అంది. "ఉడుం తాత చెప్తే మేం ఒప్పుకుంటాం. ఆయన ఎవరిదంటే వాళ్ళ వెనక మందలన్నీ నిలబడతాయి."

"అడవంతా నా వెనక నిలబడుతుందంటే నాకూ ఇష్టమే. అయితే ఆయన ఈ రాజుగారి మనిషి కాదని నాకేంటి నమ్మకం?" అన్నాడు ఉంగరం.

జూలయ్య ఆ మాట పూర్తిగా వినలేదు. అప్పటికే గుట్ట దిగి పరుగెత్తుతున్నాడు. బొరియ ముందు సాగిలబడి, "తాతా, తాతా! వచ్చి తీర్పు చెప్పు. నా రాజ్యం పోతోంది" అన్నాడు.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "నేను ముసలివాణ్ణి మహారాజా. ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి, ఇప్పుడే చూసుకున్నాను."

"నీ ఒక్కడికీ ఆ రూలు తీసేస్తాను!"

"నా ఒక్కడికైతే నేను రాను. నాకోసం తీసేసిన రూలు రేపు నా మీద కోపమొస్తే మళ్ళీ పెడతారు. అడవంతటి ముందూ చెప్పండి. జడ్జీని పెట్టడం, తీయడం మీ చేతుల్లో లేదు, మీ తర్వాత వచ్చే రాజు చేతుల్లోనూ ఉండదని చెప్పండి."

జూలయ్య గుట్టెక్కి ఆ మాటే గర్జించాడు. అది అన్ని మూలలకీ వినబడింది. తర్వాత తొండ వైపు తిరిగి, "నువ్వు ఈ పనికి పనికిరావు కదా?" అన్నాడు. తొండ తల ఊపింది. అది చెప్పిన తీర్పుల్లో సరైనది ఇదొక్కటే.

ఉడుం తాత వచ్చాడు. అందరికీ వీపు పెట్టి తన రాయి మీద కూర్చున్నాడు. జూలయ్య చటుక్కున ముందుకి దూకి, "తాతా, ఈ అడవి..." అని మొదలుపెట్టాడు.

"ఆగండయ్యా" అన్నాడు ఉడుం తాత.

"అయ్యా ఏంటి? నేను మహారాజుని!"

"ఇక్కడ అందరూ అయ్యలూ అమ్మలే. మీ ముందు ఇంకొక కేసు ఉంది. కౌజు పిట్ట చుక్కమ్మది. ఆమె మాట వినకుండానే ఆ తొండ తల ఊపింది, అది తీర్పు కాదు. వరసలో ఆమె ముందు, మీరు ఆమె వెనక."

జూలయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. రాజ్యం పోతుంటే కౌజు పిట్ట గుడ్లా! అయినా ఏం చేస్తాడు? వెళ్ళి పిడికెడు పిట్ట వెనక వరసలో నిలబడ్డాడు. ఆమె తోక దగ్గర ఆయన ముక్కు ఉంది. కొన్ని పిల్లకోతులు కిసుక్కుమన్నాయి.

చుక్కమ్మ తన మాట చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. రాజు కూడా తన మాట చెప్పాడు, ఉక్క గురించి, గాలి గురించి. ఇప్పుడు తాత కాస్త నా వైపు చూస్తే, నేనూ తర్వాత ఆయన్ని బాగా చూసుకుంటాను అనుకున్నాడు మనసులో. తాత వెనక్కే తిరగలేదు.

"గాలి ఇంకొక చోట కూడా వీస్తుంది. గుడ్లు ఇంకొక చోట బతకవు. పిల్లలు పరుగెత్తేదాకా దిబ్బ కౌజుది. కంప అలాగే ఉండాలి" అన్నాడు ఉడుం తాత. "తర్వాతి కేసు."

ఉంగరం ఈ తతంగమంతా నోరు తెరుచుకుని చూశాడు. రాజుకి ప్రాణం మీదికొచ్చిన రోజున, అందరి ముందూ రాజుకి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడీ ముసలాయన! "సరే, ఈయన చెప్పిందే వింటాను" అన్నాడు.

"మీ తాత ఇక్కడ రాజ్యం చేశాడన్నారు. ఎక్కడ పడుకునేవాడయ్యా?" అని అడిగాడు ఉడుం తాత.

"ఎక్కడేంటి? ఇప్పుడీ జూలయ్య పడుకునే ఆ పెద్ద గుహలోనే. ముప్ఫై ఏళ్ళు."

"ఏనుగవ్వా, ఆ గుహ ఎప్పటిది?"

"మూడేళ్ళ కిందటి వరదకి పెద్ద బండ జారింది, అప్పుడు పడిన గుహ తాతా. అంతకుముందు అది ఉత్త కొండ. నేను చూస్తుండగానే పడింది" అంది ఏనుగవ్వ.

ఉంగరం నేల చూపులు చూశాడు.

"లేని గుహలో ముప్ఫై ఏళ్ళు పడుకున్న తాత కూడా లేడు. అడవి జూలయ్యదే" అన్నాడు ఉడుం తాత.

ఏనుగవ్వ ఒక అడుగు ముందుకేసింది. ఆమె వెనక మంద, దాని పక్కన దున్నలు, అడవి పందులు, జింకలు. అన్నీ జూలయ్య వెనక నిలబడ్డాయి. పిడికెడంత చుక్కమ్మ కూడా వచ్చి ఆయన ముందుకాలి పక్కన నిలబడింది. ఉంగరం ఒకసారి అందరినీ చూసి, తోక ముడుచుకుని నది వైపు వెళ్ళిపోయాడు.

కొండముచ్చు చెట్టు దిగొచ్చి, "నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నాను మహారాజా, తాతే సరైనవాడని" అన్నాడు. జూలయ్య వాడికేసి ఒక్క చూపు చూసి, "ఇక నా జూలు జోలికి రాకు. పేలే నయం" అన్నాడు.

జనమంతా గుట్ట దిగాక జూలయ్య మాత్రం ఉండిపోయాడు. సిగ్గుపడుతూ అన్నాడు. "తాతా, చాలా మేలు చేశావు. నా సింహాసనాన్ని నువ్వే కాపాడావు. అయితే దిబ్బ కేసు కూడా నాకే గెలిపించి ఉంటే నా మనసు ఇంకా చల్లబడేది కదా!"

ఉడుం తాత అప్పుడు మొదటిసారి ఆయన వైపు తిరిగాడు.

"అది గెలిపించి ఉంటే రెండో తీర్పుని ఆ కుర్రాడు నమ్మేవాడా మహారాజా? ఏనుగులు నమ్మేవా? మీ సింహాసనాన్ని కాపాడింది నేను కాదు. మీరు ఓడిపోయిన కేసు."

జూలయ్య లేచి, దిబ్బ పక్కనుంచి కాకుండా దూరంగా చుట్టూ తిరిగి, ఉక్కపోసే తన గుహకి వెళ్ళి పడుకున్నాడు.

నీతి: తీర్పు చెప్పేవాడు రాజుకి లొంగని చోటే బలహీనుడు బతుకుతాడు, ఆపద వచ్చిన రోజు రాజు కూడా ఆ తీర్పు నీడలోనే బతుకుతాడు.